హైదరాబాదులో దిగాక ఎటు వెళ్లాలి?

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి వచ్చినవే. హైదరాబాదు దాకా ఎలా వెళ్లాలో మాకు తెలుసు, దిగిన తరువాత ఆ మహానగరంలో మసలడమే తెలియడం లేదన్నది అందరి మాటా. నేను పుట్టి పెరిగింది డెల్టాలోనే అయినా ఉద్యోగరీత్యా హైదరాబాదులో చాలా ఏళ్లు ఉన్నాను, ఇప్పటికీ ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్లి వస్తూనే ఉన్నాను. కనుక ఈసారి పూర్తిగా ఈ ప్రశ్నలకే చోటిచ్చాను.

ప్రశ్న: మా ఆయనను నిమ్స్‌లో చూపించడానికి తీసుకువెళ్లాలి. అమలాపురంలో రాత్రి బస్సు ఎక్కితే తెల్లవారుజామున దింపేస్తారు. ఆయనకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ దూరం నడవలేరు. కిందటిసారి ఆటో అతను అడిగినంతా ఇచ్చి వెళ్లాం. మెట్రో ఎక్కమని మా అబ్బాయి చెబుతున్నాడు కానీ నాకు భయంగా ఉంది. (ఒక పాఠకురాలు, అమలాపురం మండలం)

జవాబు: అమ్మా, ముందుగా మీరు తేల్చుకోవలసింది ఏ బండి ఎక్కాలన్నది కాదు, బస్సు ఎక్కడ దిగాలన్నది. మన వైపు బస్సులు విజయవాడ దారిన వచ్చి హయత్‌నగర్ మీదుగా నగరంలోకి ప్రవేశించి ముందు ఎల్బీనగర్ చేరతాయి. అక్కడి నుంచి కొన్ని దిల్‌సుఖ్‌నగర్ మీదుగా మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌కు వెళ్లి ఆగిపోతాయి. మరికొన్ని, ముఖ్యంగా ప్రైవేటు ట్రావెల్స్ వారివి, ఊరంతా దాటుకుంటూ కూకట్‌పల్లి, మియాపూర్ దాకా పోతాయి. మీ బస్సు ఏ దారిన వెళుతుందో, ఎక్కడెక్కడ ఆపుతుందో టికెట్ తీసుకునేటప్పుడే అడిగి కాగితం మీద రాసుకోండి. నిద్రమత్తులో క్లీనర్ పిలిచిన చోట దిగిపోతే ఆ తరువాత బేరమంతా ఆటో అతని చేతిలోకి వెళ్లిపోతుంది.

ఈ సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. మెట్రో రాక ముందు ఒకసారి మా నాన్నగారిని ఆసుపత్రికి తీసుకువెళుతూ తెల్లవారుజామున నాలుగు గంటలకు తెలియని కూడలిలో దిగాను. దగ్గరలో ఉన్నది ఒకే ఆటో. అతను అడిగినంత ఇస్తానని ఒప్పుకున్నాను. అయినా ఏవేవో సందులన్నీ తిప్పి ఆసుపత్రి వెనుక గేటు దగ్గర దింపి వెళ్లిపోయాడు. ఆ గేటు మూసి ఉంది. నాన్నగారు ఆయాసపడుతూ గోడ పట్టుకుని ముందు గేటు దాకా నడిచిన ఆ పావుగంటను నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అందుకే మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాస్తున్నాను.

నిమ్స్ పంజాగుట్టలో ఉంది. మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా నడిచే ఎర్ర గీత మార్గం మీద ఎర్రమంజిల్, పంజాగుట్ట స్టేషన్లు దానికి దగ్గరవి. మీకు కలిసివచ్చే విషయం ఏమిటంటే, ఎల్బీనగర్, మహాత్మా గాంధీ బస్ స్టేషన్ రెండూ కూడా ఇదే మార్గం మీద ఉన్నాయి, మధ్యలో బండి మారే పని లేదు. బస్ స్టేషన్ దగ్గర మెట్రో ఎక్కితే ఎనిమిదో స్టేషన్ పంజాగుట్ట. ఎల్బీనగర్‌లో ఎక్కితే పదిహేనోది.

చిక్కు అంతా వేళ దగ్గర ఉంది. మెట్రో రైళ్లు సుమారుగా ఉదయం ఆరు గంటలకు మొదలవుతాయి. మీ బస్సు నాలుగున్నరకే చేరితే గంటన్నర ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. ఎల్బీనగర్ కూడలిలో ఆ వేళ రోడ్డు పక్కన నిలబడడం కన్నా, వీలైతే మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దాకా వెళ్లే బస్సే ఎక్కండి. అక్కడ కూర్చోవడానికి చోటు, మరుగుదొడ్లు, టీ దుకాణాలు ఉన్నాయి, నలుగురు మనుషులు ఉంటారు. మెట్రో స్టేషన్ ఆ ఆవరణకు ఆనుకునే ఉంటుంది.

మెట్రో గురించి మీ భయం ఒక్కసారి ఎక్కితే పోతుంది. కౌంటరులో పంజాగుట్ట అని చెబితే టికెట్ ఇస్తారు. లోపలికి వెళ్లేటప్పుడు గేటు దగ్గర దానిని చూపించాలి, దిగి బయటకు వచ్చేటప్పుడు మళ్లీ అదే కావాలి కనుక పారేయకండి. స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి. మోకాళ్ల నొప్పులు ఉన్నవారు కదిలే మెట్లు ఎక్కవద్దు, లిఫ్టు ఎటు ఉందో అక్కడి సిబ్బందిని అడగండి. మియాపూర్ వైపు వెళ్లే ప్లాట్‌ఫారం మీదే నిలబడాలి. రైలులో ప్రతి స్టేషన్ పేరునూ తెలుగులో కూడా చెబుతారు. ఖైరతాబాద్ అన్న మాట వినపడగానే లేచి తలుపు దగ్గరకు చేరితే హడావుడి ఉండదు.

ఇంత చెప్పిన తరువాత కూడా నా సలహా ఇది: ఆయన నిజంగా నడవలేని స్థితిలో ఉంటే, వెళ్లేటప్పుడు బస్ స్టేషన్ నుంచి ఆసుపత్రి గేటు దాకా కారు మాట్లాడుకోండి. ఆ తెల్లవారుజామున రోడ్లు ఖాళీగా ఉంటాయి, తక్కువ సమయంలో, తక్కువ కిరాయితో పని జరుగుతుంది. సాయంత్రం తిరుగు ప్రయాణానికి మాత్రం కారు వద్దు. అయిదు గంటల తరువాత పంజాగుట్ట, ఖైరతాబాద్, లక్డీకాపూల్ దారిలో బండ్లు చీమల్లా కదులుతాయి, మీ బస్సు తప్పిపోతుంది. ఆ వేళకు పైన నడిచే మెట్రోయే నమ్మకం. రైలు కిక్కిరిసి ఉంటుంది కానీ వృద్ధులకు కేటాయించిన సీట్లు ఉంటాయి, అడిగితే లేచి ఇస్తారు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లేవారు ఇదే మార్గంలో లక్డీకాపూల్‌లో దిగాలి. గాంధీ ఆసుపత్రికి అయితే మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దగ్గరే మొదలయ్యే ఆకుపచ్చ గీత రైలు ఎక్కితే, ఆసుపత్రి పేరుతోనే స్టేషన్ ఉంది.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్లడానికి మా దంపతులకు వీసా అపాయింట్‌మెంట్లు వచ్చాయి. ఒకరోజు వేలిముద్రలు, మరునాడు ఇంటర్వ్యూ. ఈ రెండు చోట్లకూ ఎలా వెళ్లాలి? సికింద్రాబాదులో రైలు దిగుతాం. (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, భీమవరం)

జవాబు: మాస్టారూ, వేలిముద్రలు, ఫొటో తీసుకునే వీసా దరఖాస్తు కేంద్రం 2023 జనవరి నుంచి హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ భవనంలోనే కింది అంతస్తులో ఉంది. మీరు సికింద్రాబాదు రైల్వే స్టేషన్ బయటకు వచ్చి సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషన్‌లో ఎక్కితే, అది నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే నీలి గీత మార్గం కనుక, ఎక్కడా మారకుండా నేరుగా హైటెక్ సిటీలో దిగవచ్చు. సికింద్రాబాద్ వెస్ట్ అని మరొక స్టేషన్ కూడా ఉంది, అది వేరే మార్గానిది. ఈస్ట్, వెస్ట్ అన్న మాట దగ్గర పొరపాటు పడకండి.

మరొక పొరపాటుకు కూడా అవకాశం ఉంది. లింగంపల్లి, సికింద్రాబాదు మధ్య తిరిగే ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైళ్లకు కూడా హైటెక్ సిటీ అనే స్టేషన్ ఉంది. పేరు ఒకటే అయినా మెట్రో స్టేషన్ వేరు, అది వేరు. రెండింటి మధ్య నడిచి వెళ్లేంత దగ్గర కాదు. లోకల్ రైలులో వచ్చి అక్కడ దిగితే మళ్లీ ఆటో ఎక్కవలసిందే.

ఇంటర్వ్యూ జరిగే అమెరికా కాన్సులేటు 2023 మార్చి నుంచి నానక్‌రామ్‌గూడలో నడుస్తోంది. పాత రోజులలో వెళ్లివచ్చినవారు బేగంపేటలోని పైగా ప్యాలెస్ అని చెబుతారు, ఆ మాట ఇప్పుడు పట్టించుకోవద్దు. నానక్‌రామ్‌గూడకు మెట్రో లేదు. నీలి గీత చివరి స్టేషన్ రాయదుర్గంలో దిగి అక్కడి నుంచి ఆటో గానీ క్యాబ్ గానీ మాట్లాడుకోవాలి. ఉదయం తొమ్మిది దాటితే ఆ చుట్టుపక్కల రోడ్లన్నీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల బండ్లతో నిండిపోతాయి కనుక, ముందు రోజు రాత్రి గచ్చిబౌలి, రాయదుర్గం పరిసరాలలోనే బస చేయడం అన్నిటికన్నా మంచిది. బంధువుల ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంది కదా అని అక్కడ ఉండి పొద్దున్నే బయలుదేరతామంటే నేను ఒప్పుకోను.

కాన్సులేటు లోపలికి ఫోను తీసుకువెళ్లనివ్వరు. ఫోను లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు క్యాబ్ పిలవడం కుదరదు. అందువల్ల తోడు వచ్చినవారి దగ్గర ఫోను ఉంచి వారు ఎక్కడ నిలబడతారో ముందే అనుకోండి. తోడు ఎవరూ లేకపోతే కొంత చిల్లర డబ్బు, బస చేసిన చోటు చిరునామా, ముఖ్యమైన రెండు నంబర్లు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

ప్రశ్న: మన రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సు ఉచితం. తెలంగాణలోనూ ఉచితమే అంటున్నారు. హైదరాబాదు సిటీ బస్సులలో నేను ఆధార్ కార్డు చూపించి వెళ్లవచ్చా? (ఒక పాఠకురాలు, రాజోలు)

జవాబు: వీలు లేదమ్మా. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం ఆ రాష్ట్ర నివాసులకు మాత్రమే వర్తిస్తుంది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో కండక్టరు చిరునామా చూసే సున్నా టికెట్ ఇస్తారు. మీ ఆధార్‌లో కోనసీమ చిరునామా ఉంటే టికెట్ కొనాలి. అలాగే మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం కూడా హైదరాబాదు వెళ్లే అంతర్రాష్ట్ర బస్సులకు వర్తించదు. ఒకే రోజు నాలుగైదు చోట్లకు తిరగవలసిన పని ఉంటే, సిటీ బస్సులలో ఇరవై నాలుగు గంటల పాటు ఎన్నిసార్లయినా ఎక్కి దిగగల టికెట్ కండక్టరు దగ్గరే దొరుకుతుంది, టీ-24 టికెట్ అని అడగండి.

ప్రశ్న: మా అమ్మాయికి గచ్చిబౌలిలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఆఫీసు నుంచి ఒక్కోసారి రాత్రి పది దాటాక రావలసి ఉంటుందట. ఫోనులో పిలిచే క్యాబులు, బైకు టాక్సీలు ఎంతవరకు నమ్మవచ్చు? ఒక్కోసారి రెట్టింపు డబ్బు చూపిస్తోందని, డ్రైవర్లు వస్తామని చెప్పి రద్దు చేస్తున్నారని చెబుతోంది. ఇక్కడ మాకు నిద్ర పట్టడం లేదు. (ఒక తండ్రి, పాలకొల్లు)

జవాబు: మీ ఆందోళన నాకు అర్థమవుతోందండీ. నా కూతురు మొదటిసారి అక్కడ ఉద్యోగంలో చేరినప్పుడు నేనూ అలాగే ఫోను పట్టుకుని అరుగు మీద కూర్చునేవాడిని. అయితే భయపడి కూర్చునే బదులు ఆమెకు కొన్ని అలవాట్లు నేర్పితే మీ మనసు కుదుటపడుతుంది.

మొదటిది నంబరు పలక. అద్దెకు తిరిగే కారుకు పసుపు పలక మీద నల్ల అక్షరాలు ఉండాలి. విద్యుత్తుతో నడిచే టాక్సీ అయితే ఆకుపచ్చ పలక మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల పలక ఉన్న కారు టాక్సీ కాదు. ఫోనులో కనిపించిన నంబరు, ఎదుట నిలిచిన బండి నంబరు అక్షరం పొల్లు పోకుండా ఒకటే అయితేనే తలుపు తీయాలి. యాప్‌లో ఉన్న బండి మరమ్మతుకు వెళ్లింది, ఇది మా అన్నయ్య బండి అని ఎవరైనా చెబితే ఎక్కవద్దు. ఎక్కే ముందు, ఎవరి కోసం వచ్చారని అడిగి పేరు డ్రైవరే చెప్పేలా చూడాలి కానీ తన పేరు తానే ముందుగా చెప్పకూడదు. ఓటీపీ అనే నాలుగంకెల సంఖ్యను బండిలో కూర్చున్న తరువాతే చెప్పాలి. దూరంగా ఉన్న డ్రైవరు ఫోనులో అడిగితే చెప్పకూడదు. అలా ముందే చెప్పేస్తే మనం ఎక్కకుండానే ప్రయాణం మొదలైనట్టు నమోదయ్యే ప్రమాదం ఉంది.

రెండవది, ప్రయాణాన్ని మీతో పంచుకోవడం. బండి ఎక్కడ కదులుతోందో ఇంట్లోవారి ఫోనులో కనిపించే ఏర్పాటు ఈ యాప్‌లలో ఉంది. మీ నంబరును అందులో పెట్టుకోమనండి. పాలకొల్లులో మీరు కూర్చుని, ఆ చిన్న కారు బొమ్మ గచ్చిబౌలి నుంచి హాస్టలు దాకా కదలడం చూడవచ్చు. ఆపద వస్తే 112కు ఫోను చేయాలి, యాప్‌లోనే అత్యవసర బొత్తాం కూడా ఉంటుంది. వేధింపుల వంటివి ఎదురైతే 2014 నుంచి అక్కడ పనిచేస్తున్న షీ టీమ్స్ అనే పోలీసు బృందాలకు ఫిర్యాదు చేయవచ్చు.

ఇక డబ్బు సంగతి. ఎక్కేవారు ఎక్కువ, బండ్లు తక్కువ ఉన్న వేళ ఛార్జీ పెరుగుతుంది. వాన పడినా, ఆఫీసులు వదిలే సమయమైనా ఇంతే. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ 2025 జూలైలో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం ఇలా పెంచే ఛార్జీ మూల ఛార్జీకి రెండు రెట్లు మించకూడదు. ఒప్పుకున్న ప్రయాణాన్ని సరైన కారణం లేకుండా రద్దు చేసినవారు, డ్రైవరైనా ప్రయాణికుడైనా, ఛార్జీలో 10 శాతం, 100 రూపాయలకు మించకుండా, చెల్లించాలి. వీటిని అమలులో పెట్టవలసింది రాష్ట్ర ప్రభుత్వాలు. కాగితం మీద ఇలా ఉన్నా, డ్రైవరు ఫోను చేసి ఎక్కడికి, ఎంత చూపిస్తోంది, క్యాషా ఆన్‌లైనా అని ఆరా తీసి రాకుండా ఊరుకోవడం రోజూ జరుగుతున్నదే. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. డ్రైవర్లు కూడా కమీషన్ల బరువు మోస్తున్నారన్నది నిజమే, కానీ రాత్రిపూట ఒంటరిగా నిలబడిన ఆడపిల్లకు వస్తానని చెప్పి రాకపోవడం ఏ లెక్కన చూసినా తప్పే. అటువంటప్పుడు అతనితో వాదించకుండా, అతను రద్దు చేసేదాకా ఎదురుచూస్తూ సమయం పోగొట్టుకోకుండా, మరొక యాప్‌లో ప్రయత్నించడమే మేలు. ఫోనులో కనీసం రెండు యాప్‌లు ఉండాలి. ఆఫీసు గేటు లోపల వెలుతురులో, కాపలాదారు కనిపించే చోట నిలబడే పిలవాలి కానీ రోడ్డు మీదకు వచ్చి పిలవకూడదు.

అసలు ముందుగా చేయవలసింది, ఆ కంపెనీలో రాత్రి వేళ పనిచేసే మహిళలకు రవాణా సౌకర్యం ఉందేమో అడగడం. చాలా పెద్ద సంస్థలలో ఉంటుంది. కొత్తగా చేరినవారు మొహమాటపడి అడగరు.

మెట్రో రాత్రి పదకొండు ప్రాంతం దాకా నడుస్తుంది కనుక, హాస్టలు అమీర్‌పేట, మాదాపూర్ వంటి నీలి గీత మార్గం మీద చూసుకుంటే రాయదుర్గం దాకా చిన్న ప్రయాణం ఒకటి క్యాబులో చేసి మిగిలినది రైలులో రావచ్చు. అద్దె కాస్త ఎక్కువైనా మెట్రోకు నడిచి వెళ్లేంత దూరంలో గది తీసుకోమని నేను గట్టిగా చెబుతాను. బైకు టాక్సీ పగటిపూట, సామాను లేనప్పుడు, దగ్గర దూరాలకు చవక. వెనుక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ ఇవ్వాలి, ఇవ్వకపోతే ఎక్కవద్దు. రాత్రి పది దాటాక మా అమ్మాయినైతే నేను బైకు ఎక్కనివ్వలేదు, మీకూ అదే చెబుతాను.

ప్రశ్న: మా అబ్బాయి ఇల్లు కూకట్‌పల్లిలో. బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, కొబ్బరికాయలతో వెళుతున్నాం. రైలు ఎక్కడ దిగాలి? మెట్రోలో సామాను రానిస్తారా? (ఒక రైతు, నరసాపురం)

జవాబు: మీరు ఎక్కే రైలు లింగంపల్లి దాకా వెళ్లేదైతే సికింద్రాబాదులో దిగవద్దు. చివరి దాకా కూర్చోండి. లింగంపల్లి నుంచి కూకట్‌పల్లి ఆటోలో సామానుతో సహా వెళ్లడం తేలిక. అలాగే టికెట్ మీద చేరే స్టేషన్ పేరు ఒకటికి రెండుసార్లు చదవండి. 2025 జనవరిలో చర్లపల్లిలో కొత్త టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని రైళ్లు అక్కడికే మారాయి. చర్లపల్లి నగరానికి తూర్పు కొస, కూకట్‌పల్లి పడమటి కొస. అబ్బాయి సికింద్రాబాదు ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తుంటే మీరు చర్లపల్లిలో బస్తాతో నిలబడే పరిస్థితి రాకూడదు.

మెట్రోలో చేతి సంచులు, మామూలు పెట్టెలు యంత్రంలో తనిఖీ చేసి పంపుతారు. బియ్యం బస్తా మాత్రం అక్కడికి తీసుకువెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు. మార్గం మారవలసి వస్తే మరీ కష్టం. అమీర్‌పేటలో ఎర్ర గీత, నీలి గీత రెండూ కలుస్తాయి కానీ ఒక అంతస్తులో దిగి మరొక అంతస్తుకు వెళ్లాలి. నరసాపురం రేవులో బస్సు దిగి, పంటు ఎక్కి, సఖినేటిపల్లిలో మళ్లీ బస్సు పట్టుకోవడం మీకు అలవాటే కదా, అమీర్‌పేటలో మారడం కూడా అటువంటిదే. చేతులు ఖాళీగా ఉన్నప్పుడు చిన్న పని, నెత్తిన బస్తా ఉంటే పెద్ద పని. ఆవకాయ జాడీకి బదులు మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బా వాడండి, నూనె కారితే క్యాబ్ సీటు శుభ్రం చేయించినందుకు డబ్బు అడుగుతారు.

ఆటో ఛార్జీల గురించి కూడా ఒక మాట. 2014లో ప్రభుత్వం మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11 రూపాయలు అని నిర్ణయించింది. ఆ మీటరు లెక్కకు ఇప్పుడు ఎవరూ రారు. కనుక యాప్‌లో ఎంత చూపిస్తోందో చూసుకుని, ఆ అంకెకు కాస్త అటూ ఇటూగా బేరం చేయండి. చేతిలో ఒక అంకె ఉంటే మాట గట్టిగా వస్తుంది.

ప్రశ్న: రావులపాలెం నుంచి బస్సులో వచ్చి శంషాబాద్‌లో విమానం ఎక్కాలి. మెట్రో ఉందా? (ఒక పాఠకుడు, కొత్తపేట)

జవాబు: విమానాశ్రయానికి ఇప్పుడు మెట్రో లేదు. మీరు నగరం లోపలికి వెళ్లనే వద్దు. ఎల్బీనగర్‌లో దిగి, ఆరాంఘర్ మీదుగా శంషాబాద్ వెళ్లే దారిలో క్యాబ్ మాట్లాడుకుంటే ఊరి రద్దీ చాలావరకు తప్పుతుంది. తిరిగి వచ్చేటప్పుడు విమానాశ్రయం నుంచి నగరంలోకి ఆర్టీసీ వారి పుష్పక్ బస్సులు ఉన్నాయి, సామాను పెట్టుకోవడానికి వాటిలో విడిగా చోటు ఉంటుంది. విమానం పగటిపూట దిగితే, ఇద్దరికన్నా తక్కువ మంది ఉంటే అదే ఎక్కండి. నలుగురు ఉంటే కారు కిరాయి, నాలుగు బస్సు టికెట్లు దాదాపు ఒకే లెక్కకు వస్తాయి.